కూపను అనే డబ్బు

నోటు మీద ఏ బొమ్మ వేశారో చూసి ఆ దేశం ఎటు పోతున్నదో చెప్పగలమనుకునేవాళ్లు మనలో చాలామంది వున్నారు. లెనిన్ బొమ్మ పోయి రాజుల బొమ్మో, గుడి బొమ్మో వచ్చిందంటే సోషలిజం పోయి జాతీయవాదం వచ్చిందని తీర్పు చెప్పేస్తారు. సోవియట్ యూనియన్ కూలిపోయిన తర్వాత మన అభ్యుదయ వర్గాలలో జరిగిన వాదోపవాదాల్లో పెద్ద భాగం ఈ బొమ్మల చర్చే. ఒకరికి అది ద్రోహం, మరొకరికి విముక్తి. ఆ నోటు జేబులో పెట్టుకుని రొట్టె కొనడానికి వెళ్లిన మనిషికి ఏమైందని మాత్రం ఇద్దరూ అడగలేదు. నేను ఆ ప్రశ్న అడగదలచుకున్నాను. అందుకు ఒకే ఒక్క నోటును పట్టుకుని బయలుదేరుతున్నాను. ఉక్రెయిన్‌లో 1992 జనవరి 10న చెలామణిలోకి వచ్చిన ఒక కర్బోవానెత్సు కూపను అది.

ఈ నోటు నాకు తెచ్చి యిచ్చినవాడు నా దగ్గర చదువుకున్న కుర్రవాడు. వైద్యం చదవడానికి ఉక్రెయిన్ వెళ్లిన తెలుగు పిల్లల్లో ఒకడు. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యాక పుస్తకాలూ బట్టలూ అక్కడే వదిలేసి వచ్చాడు. పర్సులో ఈ కాగితం మిగిలింది. పాతసామాన్ల బజారులో ఇటువంటివి చిల్లరకు దొరుకుతాయట. విలువ పోయిన డబ్బుకు అదొక్కటే గతి.

నోటు చాలా చిన్నది. ఒకవైపు ఒక స్త్రీమూర్తి చేతులు చాచి నిలబడి వుంది. ఆమె పేరు లిబిద్. కీవ్ నగరాన్ని కీ, ష్చెక్, హోరివ్ అనే ముగ్గురు అన్నదమ్ములూ, వారి చెల్లెలు లిబిదూ కలిసి కట్టారని పాతకథ. రెండవవైపు కీవ్‌లోని సెయింట్ సోఫియా ప్రార్థనాలయం. పదకొండవ శతాబ్దపు కట్టడం. ఇదిగో, జాతీయవాదం వచ్చేసింది, పురాణం వచ్చేసింది, మతం వచ్చేసింది అనవచ్చు. కాని ఆ లిబిద్ బొమ్మ ఎక్కడిది? ద్నీపర్ నది ఒడ్డున పడవ ముందుకొస మీద నిలబడిన ఆ విగ్రహాన్ని కీవ్ నగరానికి 1,500 ఏళ్లు నిండాయని 1982లో ప్రతిష్ఠించారు. ప్రతిష్ఠించింది సోవియట్ ప్రభుత్వమే. అంటే కొత్త రాజ్యం తన మొదటి నోటు మీద వేసుకున్న బొమ్మ కూడా పాత రాజ్యం చెక్కించినదే. బొమ్మలను బట్టి చరిత్ర చెప్పేవారు ఇక్కడ కొంచెం ఆగాలి.

నన్ను ఆపింది బొమ్మ కాదు, మాట. నోటు మీద కూపను అని వుంది. డబ్బు తనను తాను కూపను అని పిలుచుకోవడం విడ్డూరం. మొదటి విడత నోట్లకు వరస నంబర్లు కూడా లేవు. ఎన్ని అచ్చువేశారో నోటును చూసి ఎవరూ ఊహించలేరు. అచ్చయింది ఫ్రాన్సులో. స్వతంత్రదేశానికి అప్పటికి సొంత నోట్ల అచ్చుకూటమే లేదు. అది కీవ్‌లో 1994లో గాని పని మొదలుపెట్టలేదు. ఇంతకీ ఈ కాగితం కూపనా, డబ్బా? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే స్వాతంత్ర్యానికి ముందుకు వెళ్లాలి.

ఉక్రెయిన్‌లో కూపన్లు మొదలైంది 1990 నవంబరులో. అప్పటికింకా సోవియట్ ఉక్రెయినే. జీతంతోపాటు ప్రతి ఉద్యోగికీ ఒక పెద్ద కాగితం ఇచ్చేవారు. దాని మీద చిన్నచిన్న గళ్లలో కూపన్లు అచ్చువేసి వుండేవి. దుకాణానికి వెళ్లి సరుకు కొన్నప్పుడు రూబుళ్లు ఇవ్వాలి, వాటితోపాటు అంత మొత్తానికి కూపన్లు కత్తెరతో కత్తిరించి ఇవ్వాలి. కూపను లేని రూబులుకు సరుకు రాదు. మన రేషను కార్డు తెలిసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది, ఒక్క తేడాతో. మన కార్డు బియ్యానికీ పంచదారకూ కిరసనాయిలుకూ. అక్కడి కాగితం డబ్బుకే రేషను. రూబులు వుండి కూడా రూబులు కాకుండా పోయింది.

ఎందుకు ఈ గతి పట్టింది? సోవియట్ వ్యవస్థలో డబ్బు రెండు కాలువల్లో ప్రవహించేది. ఒకటి ఖాతా డబ్బు. ఫ్యాక్టరీకీ ఫ్యాక్టరీకీ మధ్య ఇనుము, బొగ్గు, యంత్రాల లెక్కలు బ్యాంకు పుస్తకాల్లోనే జరిగిపోయేవి. రెండవది చేతి డబ్బు. అది జీతాల రూపంలో బయటికి వచ్చి, దుకాణాల ద్వారా తిరిగి బ్యాంకుకు చేరేది. రెండు కాలువల మధ్య గట్టు గట్టిగా వున్నంతకాలం లోటుపాట్లతోనైనా బండి నడిచింది. 1988లో అమలులోకి వచ్చిన ప్రభుత్వ సంస్థల చట్టమూ, అదే ఏడు వచ్చిన సహకార సంస్థల చట్టమూ ఆ గట్టును తెగ్గొట్టాయి. డైరెక్టర్లకు జీతాలు పెంచే స్వేచ్ఛ వచ్చింది. సహకార సంస్థల పేరుతో ఖాతా డబ్బు చేతి డబ్బుగా మారే దారి దొరికింది. సరుకు మాత్రం పెరగలేదు, ధరలు ప్రభుత్వం కట్టివేసినవే. అప్పుడు ధర పెరగదు, క్యూ పెరుగుతుంది. బల్లలు ఖాళీ అవుతాయి. కొనడానికి ఏమీ దొరకని డబ్బు పొదుపు ఖాతాల్లో చేరుతుంది. ఆ పొదుపును రాజ్యం అప్పు తీసుకుని తన లోటు పూడ్చుకుంటుంది.

దీని మీద 1991 జనవరి 22 దెబ్బ పడింది. 50, 100 రూబుళ్ల నోట్లు చెల్లవని ఆ రాత్రి ప్రకటించారు. మార్చుకోవడానికి మూడు రోజుల గడువు, మనిషికి వెయ్యి రూబుళ్ల పరిమితి. నల్లబజారువాళ్లను పట్టుకోవడానికే ఈ పని చేశామని ప్రధాని పావ్లోవ్ చెప్పుకున్నాడు. నల్లబజారువాడు డబ్బును నోట్లుగా దాచుకోడని చిన్నపిల్లలకు కూడా తెలుసు. పరుపుల కింద నోట్లు పెట్టుకున్నవాళ్లు పింఛనుదారులు. ఏప్రిల్‌లో ధరలు పెంచారు. సోవియట్ రూబులు మీద నమ్మకాన్ని చంపింది జాతీయవాదులూ కాదు, వాషింగ్టనూ కాదు. ఆ పని మాస్కోలో, ఆర్థికశాఖ బల్లల మీద జరిగింది. మనకు ఇష్టం లేకపోయినా ఇది రాసుకోవాలి. 1991 మార్చి రిఫరెండంలో నూటికి 70 మంది యూనియన్ వుండాలని ఓటువేసిన ఉక్రెయిన్ ప్రజలే డిసెంబరు 1న నూటికి 90 మంది స్వాతంత్ర్యానికి ఓటువేశారు. మధ్యలో ఆగస్టు కుట్ర జరిగింది, నిజమే. కాని ఖాళీ బల్లలూ, చెల్లని నోట్లూ కూడా జరిగాయి.

స్వతంత్రం వచ్చిన నెలకే అసలు చిక్కు వచ్చిపడింది. రష్యా 1992 జనవరి 2న ధరల మీద అదుపు ఎత్తివేసింది. రూబులు ఇంకా రెండు దేశాలకూ ఉమ్మడి డబ్బు. రష్యాలో ధరలు ఎగిరితే అక్కడివాళ్లు రూబుళ్ల సంచులతో వచ్చి ఇక్కడి దుకాణాలు ఊడ్చుకుపోతారని కీవ్ భయపడింది. రెండవ చిక్కు ఇంకా విచిత్రమైనది. రూబుళ్లు అచ్చువేసే యంత్రాలన్నీ రష్యాలో వున్నాయి. అప్పులు రాసి ఖాతా రూబుళ్లు పుట్టించే అధికారం మాత్రం ప్రతి రిపబ్లిక్కు బ్యాంకుకూ వుంది. పదిహేను మంది చెక్కులు రాస్తుంటే ఒక్కడి దగ్గరే నోట్లున్నట్టు. ఖాతాలో జీతం వుంటుంది, చేతికివ్వడానికి నోటు వుండదు. ఈ పరిస్థితిలో కీవ్ చేసింది సులభమైన పని: 1990 నాటి కత్తిరింపు కూపనును పెద్దది చేసి, పదేపదే వాడుకునే నోటుగా మార్చింది. 1, 3, 5, 10, 25, 50, 100. సోవియట్ నోట్ల వరస ఎలా వుందో అలాగే, 3తో, 25తో సహా.

కనక మొదటి ప్రశ్నకు జవాబు ఇది. ఈ కాగితం డబ్బు వేషం వేసిన రేషను చీటీ. స్వాతంత్ర్యం దీన్ని పుట్టించలేదు. కొరత పుట్టించింది, స్వాతంత్ర్యం పెంచుకున్నది.

ఇక కర్బోవానెత్సు అనే మాట. దీని చరిత్ర నోటు చరిత్ర కంటె పెద్దది. నరుకుట, గంటు పెట్టుట అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిందంటారు. 1961 నాటి సోవియట్ రూబులు నోటు చూసినవారికి తెలుసు: దాని మీద విలువను పదిహేను రిపబ్లిక్కుల భాషల్లోనూ అచ్చువేసేవారు. ఉక్రెయిన్ భాషలో అక్కడ రూబులు అని లేదు, కర్బోవానెత్సు అనే వుంది. అజర్‌బైజాన్, తుర్క్‌మెన్ భాషల్లో మనాత్. ఉజ్బెక్, కిర్గిజ్ భాషల్లో సోమ్. తర్వాత స్వతంత్ర దేశాలు పెట్టుకున్న డబ్బు పేర్లలో ఇన్ని పేర్లు ఆ ఒక్క సోవియట్ నోటు మీద అప్పటికే అచ్చయి వున్నాయి. ఇటువంటి విషయాలు నాకు ఎంత వాదన కంటెనైనా ఎక్కువ నచ్చుతాయి.

కాని ఆ మాట సోవియట్లది మాత్రమే కాదు. 1917 విప్లవం తర్వాత ఏర్పడిన ఉక్రెయిన్ ప్రజా రిపబ్లిక్కు తన మొదటి నోటుగా 100 కర్బోవానెత్సుల నోటును 1918 జనవరిలో బయటికి తెచ్చింది. దాన్ని గీసినవాడు చిత్రకారుడు హెయోర్హీ నార్బుట్. ఆ నోటు మీద విలువను నాలుగు భాషల్లో, ఉక్రెయిన్, రష్యన్, పోలిష్, యూదుల భాషల్లో వేశారు. ఒక బీద రిపబ్లిక్కు ఎవరెవరిని తన పౌరులుగా తలచుకున్నదో ఆ నోటు చెబుతుంది. పాతికేళ్లు తిరగకముందే, 1942లో, అదే మాటను నాజీ ఆక్రమణదారులు వాడుకున్నారు. రివ్నె పట్టణంలో ఒక కేంద్రబ్యాంకు పెట్టి, జర్మన్, ఉక్రెయిన్ భాషల్లో కర్బోవానెత్సులు అచ్చువేసి, పదింటికి ఒక మార్కు చొప్పున లెక్కకట్టారు. ఆ నోట్లతో ధాన్యం తీసుకుపోయారు. పేరు ఒకటే, భాష ఒకటే. 1918లో ఆ పేరుతో ఒక రాజ్యం తనను తాను నిలబెట్టుకోవాలని చూసింది, 1942లో ఒక సైన్యం ఆ పేరుతో రైతు గాదె ఖాళీ చేసింది. మాటను చూసి మురిసిపోయేవారూ, మాటను చూసి ఉలిక్కిపడేవారూ ఇద్దరూ నోటును సగమే చదువుతున్నారు. ఆ నోటు మొదట ఎవరి చేతికి చేరిందో, చివర ఎవరి చేతిలో మిగిలిందో చూస్తే గాని మిగతా సగం కనపడదు.

1992 మొదటి వారాల్లో కూపనుకు రూబులు కంటె ఎక్కువ విలువ పలికింది. కారణం ఊహించవచ్చు: దానికి సరుకు వస్తుంది. జనం సంతోషించారు. ఆ సంతోషం ఎన్నో నెలలు నిలవలేదు. ఆ ఎండాకాలంలో ఫ్యాక్టరీలు ఒకదానికొకటి బాకీపడిన మొత్తాలు కొండలా పెరిగిపోతే, జాతీయబ్యాంకు కొత్త అప్పులు పుట్టించి వాటిని తీర్చింది. నవంబరులో ఉక్రెయిన్ రూబులును పూర్తిగా వదిలేసింది. కూపను ఒక్కటే చట్టబద్ధమైన డబ్బు అయింది. ఆ ఏడు ధరలు ఇరవై రెట్లు పెరిగాయి. తర్వాతి ఏడు సంగతి చెప్పాలంటే మామూలు మాటలు చాలవు. 1992 డిసెంబరులో నూరు కర్బోవానెత్సులకు వచ్చిన సరుకు 1993 డిసెంబరులో పదివేల పైచిలుకు పలికింది. ఆ ఒక్క డిసెంబరులోనే ధరలు నూటికి 90 పెరిగాయి. అటువంటి నెలలో జీతం ఒక్క నెల ఆలస్యమైతే అందులో దాదాపు సగం గాలిలో కలిసిపోయినట్టే. ఆలస్యం చేసిన డైరెక్టరుకు అది దొంగతనంగా కనిపించదు. లెక్కపుస్తకంలో జీతం పూర్తిగా ఇచ్చినట్టే వుంటుంది.

దీనికి ఆర్థికశాస్త్రజ్ఞులు ఒకే వాక్యంలో కారణం చెబుతారు: నోట్లు ఎక్కువ అచ్చువేశారు, అందుకని ధరలు పెరిగాయి. ఇది అబద్ధం కాదు. కాని ఒకడు నీళ్లలో మునిగి చనిపోతే ఊపిరి ఆడక చనిపోయాడని చెప్పడం లాంటిది. ఎందుకు అచ్చువేశారు? ఎవరికోసం అచ్చువేశారు? రష్యా చమురుకూ గ్యాసుకూ ప్రపంచ ధరల వైపు రేటు పెంచుకుంటూ పోయింది. ఉక్రెయిన్ పరిశ్రమ చవక ఇంధనం మీద కట్టినది. యుద్ధసామగ్రి ఆర్డర్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఒక ఫ్యాక్టరీకి విడిభాగాలు వచ్చే ఫ్యాక్టరీ ఇప్పుడు సరిహద్దు అవతల వుంది. ఈ స్థితిలో ఫ్యాక్టరీలు మూయాలి, లేదా అప్పు ఇచ్చి నడపాలి. కార్మికుల ఉపాధి కాపాడండి అని డైరెక్టర్లు పార్లమెంటుకు వచ్చారు. రైతుల పేరు చెప్పి సామూహిక క్షేత్రాల అధ్యక్షులు వచ్చారు. పార్లమెంటు తలవూపింది, బ్యాంకు అప్పు ఇచ్చింది.

మనం, వామపక్షంవాళ్లం, ఈ చోట జాగ్రత్తగా నడవాలి. ఉపాధి కాపాడాలనే కోరిక న్యాయమైనదే. కాని ఆ అప్పు ఏమైందో చూడండి. ధరలు ఏడాదికి నూరు రెట్లు పెరిగే దేశంలో అప్పు మీద రెండు వందల శాతం, మూడు వందల శాతం వడ్డీ వేసినా అది బహుమానమే. నూరు తీసుకున్నవాడు ఏడాది తర్వాత నాలుగు వందలు కడతాడు. ఆ నాలుగు వందలకు పాత లెక్కలో నాలుగు కూడా విలువ వుండదు. మిగిలిన తొంభైఆరు ఎక్కడివి? అవి గాలిలోంచి రాలేదు. జీతగాడి జేబులోని నోటు నుంచీ, ముసలమ్మ పొదుపు ఖాతా నుంచీ వచ్చాయి. ఆ అప్పుతో డాలర్లు కొన్నవాడు ఆ నష్టంలోంచి బయటపడి లాభంలోకి దూకాడు. దేశంలో ప్రభుత్వ ధరకు ఉక్కు కొని విదేశంలో ప్రపంచ ధరకు అమ్మగలిగినవాడు ఇంకా పైకి దూకాడు. 1993 ఆగస్టులో ప్రభుత్వం డాలరు రేటును 5,970 కర్బోవానెత్సుల దగ్గర కట్టివేసింది. ఏడాది చివరికి బజారు రేటు దానికి ఎన్నో రెట్లయింది. అధికారిక రేటుకు డాలరు సంపాదించగలిగే పలుకుబడి వుంటే చాలు, వేరే వ్యాపారం అక్కరలేదు. ఉక్రెయిన్‌లో తర్వాతి కాలంలో పేరుమోసిన కుబేరవర్గం ఎక్కడినుంచి ఊడిపడిందని అడిగేవారు ఈ రెండు రేట్ల మధ్య సందును చూడాలి. ఆ సందులో మొదట నిలబడినవారు పాత పార్టీ కార్యాలయాలతో, పాత డైరెక్టర్లతో పరిచయమున్నవారే.

ఆ సందులో నిలబడే అవకాశం లేనివారికి ఒక బండి మిగిలింది. రెండు చక్రాలూ, ఒక ఇనుప చట్రమూ, ఒక పిడీ. దాని మీద పెద్ద సంచి కట్టుకుని ఇంజనీర్లూ, ఉపాధ్యాయులూ, నర్సులూ పోలండుకూ టర్కీకీ వెళ్లి సరుకు మోసుకొచ్చి బజార్లలో అమ్మేవారు. ప్రజలు ఆ బండికి క్రవ్చూచ్కా అని పేరుపెట్టారు. మొదటి అధ్యక్షుడు క్రవ్చూక్ పేరు మీద. ఒక దేశం తన మొదటి అధ్యక్షుణ్ణి ఇంతకంటె సూటిగా విమర్శించగలదని నేననుకోను. బజార్లలో ధరల చీటీల మీద డాలరు అని రాయకుండా, లెక్క యూనిట్లు అనే అర్థం వచ్చే రెండక్షరాలు రాసేవారు. లెక్క డాలర్లలో, జీతం కూపన్లలో.

1993 జూన్‌లో దొన్‌బాస్ గనికార్మికులు పని ఆపారు. ధరల పెంపు ప్రకటన వచ్చిన కొద్దిరోజులకే దొనెత్స్కులోని జస్యాద్కో గనిలో మొదలైన సమ్మె గనుల్లో అత్యధిక భాగానికి పాకింది. జీతం పెంచాలన్నారు. అధ్యక్షుడి మీదా, పార్లమెంటు మీదా విశ్వాసముందో లేదో ప్రజలను అడగాలన్నారు. దొన్‌బాస్‌కు స్వయంపాలన కావాలన్నారు. ఆర్థిక కోరికలతో రాజకీయ కోరికలు కలిసిన సమ్మె అది. పాత సోవియట్ భూమి మీద జరిగిన పెద్ద కార్మికపోరాటాల్లో ఒకటి. ఫలితం? రాజకీయంగా నిజమైన విజయం వచ్చింది: ప్రధాని కుచ్మా సెప్టెంబరులో దిగిపోయాడు, 1994లో ముందస్తు ఎన్నికలు జరిగాయి, వాటిలో క్రవ్చూక్ ఓడాడు. జీతాలు కూడా పెంచారు. కాని పెంచిన జీతం ఏ డబ్బులో ఇచ్చారు? కూపన్లలో. కొత్త కూపన్లు అచ్చయ్యాయి, ఆ శరదృతువులోనే ధరలు వాటిని మింగాయి. ఇంకొక సంగతి వుంది. సమ్మె మొదలైన ఆ గనికి ఏళ్ల తరబడి డైరెక్టరుగా వున్న యుఖిం జ్వ్యాహిల్స్కీ సమ్మె నడుస్తుండగానే మొదటి ఉపప్రధాని అయ్యాడు. కుచ్మా దిగిపోయాక తాత్కాలిక ప్రధాని కూడా అయ్యాడు. కార్మికులు గనిలోంచి బయటికి వచ్చారు, డైరెక్టరు మంత్రివర్గంలోకి వెళ్లాడు. సమ్మె ఓడిపోయిందని నేననను. కాని తమ జీతం ఏ నోటులో వస్తుందో, ఆ నోటు మీద అదుపు ఎవరిదో అనే ప్రశ్న కార్మికుల కోర్కెల పట్టికలోకి రాలేదు. ప్రపంచంలో చాలా సమ్మెలకు ఈ లోటు వుంది.

ఈ ప్రశ్న బోల్షివిక్కులకు తెలియనిది కాదు. అంతర్యుద్ధ కాలంలో నోట్ల యంత్రాన్ని బూర్జువాల మీద ఎక్కుపెట్టిన ఆయుధంగా ప్రీయొబ్రజెన్‌స్కీ మెచ్చుకున్నాడు. 1922 వచ్చేసరికి ఆ ఆయుధం ఎవరివైపు తిరిగిందో అర్థమైంది. ఆ ఏడు బంగారం ఆధారంగా చెర్వోనెత్సు అనే కొత్త నోటు తెచ్చారు. పాత సోవియట్ నోటు కూడా దాని పక్కనే ఏడాదికి పైగా నడిచింది, రోజురోజుకూ పడిపోతూ. పాత నోట్లలో జీతం పుచ్చుకున్న కార్మికుడూ, పాత నోట్లకు ధాన్యమమ్మిన రైతూ నష్టపోయారు. చివరకు 1924లో 1923 నాటి నోట్లలో 50,000 రూబుళ్లకు ఒక బంగారు రూబులు చొప్పున పాతవాటిని రద్దుచేశారు. ఆర్థిక కమిసారు సొకోల్నికొవ్ ఈ పని చేయడానికి పార్టీలో చాలామందితో పోట్లాడవలసివచ్చింది. గట్టి నోటు బూర్జువాల కోరిక అని వాళ్ల వాదన. కార్మికుడి చేతిలోని నోటు గట్టిగా వుండకపోతే కార్మికరాజ్యం అనే మాటకు అర్థమేమిటని నేను ఇప్పటికీ వాళ్లను అడగదలచుకున్నాను. ఏడు దశాబ్దాల తర్వాత ఉక్రెయిన్‌లో అదే నాటకం తిరిగి నడిచింది. ఈసారి చెర్వోనెత్సు పాత్ర డాలరుది. అప్పుడు గట్టి నోటు రాజ్యం చేతిలో వుంది, ఇప్పుడు పరదేశం చేతిలో.

1994 అక్టోబరులో కొత్త అధ్యక్షుడు కుచ్మా అంతర్జాతీయ ద్రవ్యనిధితో ఒప్పందానికి వచ్చాడు. అప్పులు బిగించారు, సబ్సిడీలు కోశారు. ధరల పరుగు తగ్గింది: 1994లో ఐదు రెట్లు, 1995లో మూడు రెట్లకు కాస్త తక్కువ. దీన్ని విజయమన్నారు. అదే కాలంలో జీతాల బకాయిలు నెలల తరబడి పేరుకుపోయాయి, ఫ్యాక్టరీలు జీతానికి బదులు సరుకు చేతిలో పెట్టాయి. ఇంతకుముందు విలువ లేని నోటు ఇచ్చేవారు, ఇప్పుడు నోటే ఇవ్వలేదు. 1990కీ 1999కీ మధ్య అధికార లెక్కల ప్రకారమే దేశం ఉత్పత్తి సగానికి పైగా పడిపోయింది. యుద్ధం లేని కాలంలో ఇంత పతనం ఆధునిక చరిత్రలో అరుదు. 1995లో పదిలక్షల కర్బోవానెత్సుల నోటు వచ్చింది. దాని మీద తరాస్ షెవ్చెంకో. బానిసగా పుట్టిన కవి, ఇతరులు డబ్బు కూడబెట్టి విడుదల కొన్న కవి. ఆయన బొమ్మను ఆ నోటు మీద వేసినవారికి ఇందులో ఏమీ ఎబ్బెట్టుగా తోచినట్టు లేదు.

అసలు డబ్బు ఇదంతా జరుగుతున్నంతకాలం గోదాములో వుంది. 1992లోనే కెనడాలో హ్రివ్నా నోట్లు అచ్చువేయించి తెచ్చి దాచారు. కూపను చావవలసినదేనని ప్రభుత్వానికి మొదటినుంచీ తెలుసు. మంచి నోటును చెడ్డకాలంలో బయటపెడితే అదీ చెడిపోతుందని ఆపారు. పాలకుల దృష్టిలో ఇది తెలివైన పనే. కాని దాని అర్థం ఏమిటంటే, చావబోయే నోటులో నాలుగున్నరేళ్లపాటు ప్రజలకు జీతాలిచ్చారు. 1996 సెప్టెంబరు 2 నుంచి 16 వరకు లక్ష కర్బోవానెత్సులకు ఒక హ్రివ్నా చొప్పున మార్చారు. నాటి రేటు డాలరుకు సుమారు 1,76,000 కర్బోవానెత్సులు, అంటే ఒకటీ ముప్పాతిక హ్రివ్నాలు. పావ్లోవ్ లాగా పరిమితులు పెట్టలేదు, గడువుతో బెదిరించలేదు. జాతీయబ్యాంకు గవర్నరు యూష్చెంకోకు ఇందువల్ల మంచిపేరు వచ్చింది, తర్వాత అధ్యక్షుడు కూడా అయ్యాడు. మార్పిడి శుభ్రంగా జరిగిందనడంలో సందేహం లేదు. దోచవలసినదంతా అంతకుముందే దోచిన తర్వాత శుభ్రంగా మార్చడం కష్టం కాదు.

పొదుపు ఖాతాల లెక్క చూద్దాం. 1980ల చివర సోవియట్ ఉద్యోగి సగటు జీతం నెలకు రెండు వందల రూబుళ్ల ప్రాంతం. ఒక ఉపాధ్యాయురాలు కష్టపడి వెయ్యి రూబుళ్లు పొదుపు చేసిందనుకుందాం. ఐదు నెలల జీతం. 1992లో రూబులుకు ఒక కర్బోవానెత్సు చొప్పున అది వెయ్యి కర్బోవానెత్సులు. మధ్యలో వచ్చిన పరిహార ప్రకటనలను పక్కనపెట్టి కేవలం మారకం లెక్క చూస్తే, 1996 సెప్టెంబరులో అది ఒక హ్రివ్నాలో నూరవ వంతు. ఒక కొపీకా. ఐదు నెలల జీతం అతి చిన్న నాణెమైపోయింది. ఆ నాణేన్ని కూడా 2019 అక్టోబరు నుంచి చెల్లదన్నారు.

ఈ డబ్బు ప్రజలకు బాకీ అని ఉక్రెయిన్ పార్లమెంటు 1996లో చట్టం చేసింది. ఒక రూబులుకు ఒక హ్రివ్నా ఐదు కొపీకాలు చొప్పున లెక్కకట్టింది. సోవియట్ పొదుపు బ్యాంకు సొమ్మంతా మాస్కో ఖజానాలోకి పోయిందని కీవ్ చెబుతుంది. సోవియట్ అప్పులూ ఆస్తులూ రెండూ మాకే వచ్చాయి గనక మీతో లెక్క ముగిసిందని మాస్కో చెబుతుంది. 2008 జనవరిలో తిమొషెంకో ప్రభుత్వం ఖాతాదారుకు వెయ్యి హ్రివ్నాల వరకు చెల్లించింది. పొదుపు బ్యాంకు శాఖల ముందు ముసలివాళ్లు చలిలో, పాత సోవియట్ పాసుపుస్తకాలు చేతపట్టుకుని వరసకట్టారు. మిగిలిన మొత్తం చట్టంలో బాకీగా రాసి వుంది. ఖాతాదారుల్లో చాలామంది అది అందుకోకుండానే పోయారు.